కంటి కొలతకు అతిధ్వని

చెరువు కట్ట బలం తెలియాలంటే తవ్విపోయిన మట్టిని కాదు, మిగిలిన మట్టిని చూడాలి. బయ్యారం చెరువు కింద, గణపసముద్రం కింద సేద్యం చేసే మన రైతులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. లేజరు కంటి చికిత్సకూ ఇదే సూత్రం.

కంటి ముందుండే పారదర్శకమైన పొర కార్నియా. నడుమ దాని మందం సుమారు అర మిల్లీమీటరు, అనగా 500 మైక్రాన్ల పైచిలుకు. మద్రాసులో పుట్టి, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన రంగస్వామి శ్రీనివాసన్ 1981లో సహచరులతో కలిసి ఒక విషయం కనుగొన్నారు: 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజరు చుట్టుపక్కల కాల్చకుండా కణజాలాన్ని చెక్కగలదు. లాసిక్ చికిత్సలో కార్నియా మీద పలుచని మూత లేపి, కింద ఈ లేజరుతో చెక్కి, మూత తిరిగి కప్పుతారు.

ఇక లెక్క చూద్దాం. చెక్కే వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని వర్గం చేసి, పవరుతో గుణించి, 3తో భాగిస్తే లోతు మైక్రాన్లలో ఇంచుమించుగా వస్తుంది. వ్యాసం 6, పవరు మైనస్ 8 అయితే లోతు 96. కార్నియా 470, మూత 160 అనుకుందాం. మిగిలేది 214. మూత కింద కనీసం 250 మిగలాలని వైద్యుల కట్టుబాటు. అది తగ్గితే లోపలి ఒత్తిడికి కార్నియా క్రమంగా ముందుకు ఉబ్బి చూపు చెడే ప్రమాదముంది. అదే మూత 120 అయితే 254 మిగులుతుంది. అంతా మూత మందంలోనే ఉంది! రెండోసారి చికిత్స చేయాలంటే పాత మూత ఎంత మందమో తెలిసి తీరాలి.

దాన్ని కొలిచే సాధనాల్లో ఒకటి అతిధ్వని. బావిలో కేక వేస్తే ప్రతిధ్వని వచ్చినట్లే, ప్రతి పొర సరిహద్దు నుండీ శబ్దం తిరిగి వస్తుంది. పట్టిన కాలాన్ని బట్టి దూరం కడతారు. కంటిలో శబ్దవేగం సెకనుకు సుమారు 1600 మీటర్లు. కడుపు స్కానింగులో వాడే 3.5 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యానికి తరంగదైర్ఘ్యం 450 మైక్రాన్ల పైనే. కార్నియా మొత్తం దాదాపు ఒక్క అలంత! పొరలు విడిగా ఎట్లా కనబడతాయి? 50 మెగాహెర్ట్జ్ అయితే 32 మైక్రాన్లే. 1990 ప్రాంతంలో టొరంటోలో పావ్లిన్, ఫాస్టర్ ఇట్టి యంత్రాన్ని కంటికి వాడారు. అయితే పౌనఃపున్యం పెరిగినకొద్దీ శబ్దం త్వరగా క్షీణించి, కొద్ది మిల్లీమీటర్ల లోతుకే పోతుంది. కార్నియాకు అది చాలు. నేడు కాంతితో కొలిచే ఓ.సి.టి. యంత్రాలూ ఉన్నాయి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుండి అద్దాలు వదిలించుకోవాలని నగరానికి పోయే మిత్రులు ఖర్చెంత, సెలవెన్ని రోజులని అడుగుతారు. మొదట అడగవలసింది వేరే ఉంది: "డాక్టరు గారూ, నా కార్నియాలో ఎంత మిగులుతుంది?"