చల్లటి వెన్న, వేడి ఓవెన్: ఒక స్కోన్ పాఠం

చలికాలం సెలవుల్లో పొద్దున్నే టీతో పాటు ఏదైనా కొత్తగా చేద్దాం అనిపిస్తే స్కోన్లు ట్రై చేయొచ్చు. ఈస్ట్ అక్కర్లేదు, పిండి పులిసేదాకా ఎదురుచూడక్కర్లేదు, గంట, గంటంపావులో ప్లేట్లోకి వచ్చేస్తాయి. రెసిపీ కూడా చాలా తేలిగ్గా కనిపిస్తుంది: మైదా, వెన్న, పాలు, చక్కెర. కానీ అదే రెసిపీని మే నెలలో మన వంటింట్లో అక్షరం పొల్లుపోకుండా పాటిస్తే, పొంగాల్సిన స్కోన్ ట్రే మీద పలకలా పరుచుకుంటుంది.

కోడ్ గురించి మనం చెప్పుకునే "నా మెషీన్‌లో బాగానే రన్ అయింది" జోక్ ఇక్కడా పనిచేస్తుంది. రెసిపీ రాసినవాళ్ళ వంటిల్లు వేరు. వాళ్ళ "గది ఉష్ణోగ్రత" సుమారు 20 డిగ్రీలు, మనది 32 కావచ్చు. ఈ సంగతి సామాన్ల లిస్టులో ఎక్కడా ఉండదు. అందుకని ఈ పాఠంలో కొలతల కంటే ముందు కారణాలు చూద్దాం. కారణం తెలిస్తే రెసిపీని మన వాతావరణానికి తగ్గట్టు మనమే మార్చుకోవచ్చు.

అసలు ఎక్కడిది?

స్కోన్ పుట్టిల్లు స్కాట్లాండ్. మొదట్లో ఓట్స్, బార్లీ పిండితో పెద్ద గుండ్రటి రొట్టెలా చేసి, గర్డిల్ అనే ఇనప పెనం మీద కాల్చి, నాలుగు ముక్కలుగా కోసేవాళ్ళు. మన క్లబ్ వాళ్ళకి నచ్చే విషయం ఒకటుంది. గావిన్ డగ్లస్ అనే కవి వర్జిల్ రాసిన లాటిన్ కావ్యం 'ఈనియిడ్'ని స్కాట్స్ భాషలోకి అనువదించి 1513లో పూర్తి చేశాడు. 'స్కోన్' అనే మాట రాతలో మొదట కనిపించేది ఆ అనువాదంలోనే అని నిఘంటువులు చెప్తాయి. అంటే లాటిన్ కావ్యంలోని రొట్టెకి ఆయన తన వాళ్ళ వంటింటి మాటే వాడుకున్నాడన్నమాట.

అప్పటి స్కోన్లు పల్చగా ఉండేవి. ఎత్తుగా పొంగడం బేకింగ్ పౌడర్ వచ్చాక మొదలైంది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్ట్ 1843లో ఒక బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. ఆయన భార్యకి ఈస్ట్ పడేది కాదు, అదే కారణం. బ్రిటన్‌లో స్కోన్‌ని జామ్, చిక్కటి మీగడతో తింటారు. డెవన్ వాళ్ళు మీగడ ముందు రాస్తారు, కార్న్‌వాల్ వాళ్ళు జామ్ ముందు రాస్తారు, ఆ గొడవ ఇంకా తేలలేదు. మనం చేయబోయేది అమెరికా పద్ధతి: తీపి ఎక్కువ, మూడు మూలల ముక్కలు, లోపల మసాలా, పైన చక్కెర గ్లేజ్.

వెన్న ఎందుకు చల్లగా ఉండాలి?

గవ్వలు, కజ్జికాయలు చేసేటప్పుడు మైదాలో వేడి నూనో, కాచిన నెయ్యో పోసి కలుపుతారు. ఎందుకని అడిగితే "గుల్లగా రావాలి కదా" అంటారు. వేడి కొవ్వు పిండి రేణువులన్నిటికీ సమానంగా పట్టేస్తుంది. తర్వాత నీళ్ళు పోసినా గ్లూటెన్ అంత గట్టిగా అల్లుకోదు. కొరికితే పెళుసుగా విరుగుతుంది. ఇంగ్లీష్ రెసిపీల్లో దీనికి రకరకాల మాటలు ఉంటాయి కానీ, మన 'గుల్ల' ఒక్కటే సరిపోతుంది.

స్కోన్‌కి కావాల్సింది ఇంకో రకం గుల్ల. పైన కాస్త కరకర, లోపల మెత్తగా, చేత్తో విడదీస్తే పొరలుగా రావాలి. దానికోసం వెన్న పిండిలో కరగకూడదు, చిన్న చిన్న ముక్కలుగా మిగలాలి. వెన్నలో దాదాపు 80 శాతం కొవ్వు, మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీరు. ముక్కలుగా ఉన్న వెన్న వేడి ఓవెన్‌లోకి వెళ్ళగానే కరిగి, తను ఉన్న చోట ఖాళీ వదులుతుంది. అందులోని నీరు ఆవిరై చుట్టూ ఉన్న పిండిని పైకి నెడుతుంది. నీరు ఆవిరైతే దాని పరిమాణం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది కాబట్టి కొంచెం నీరే చాలా పని చేస్తుంది. ఈలోపు పిండి గట్టిపడి ఆ ఖాళీలు అలాగే నిలిచిపోతాయి. తాపేశ్వరం మడత కాజాలో కూడా పొరల మధ్య కొవ్వే వాటిని విడిగా ఉంచుతుంది.

వెన్న 20 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, 32–35 మధ్య పూర్తిగా కరుగుతుంది. మన వేసవి వంటిల్లు సరిగ్గా ఆ రేంజ్‌లోనే ఉంటుంది! అందుకే మనకి ఫ్రీజరే స్కాట్లాండ్.

పిండిని ఎందుకు పిసకకూడదు?

పరోటా పిండిని ఎంత మర్దిస్తే అంత సాగుతుంది. మైదాలోని ప్రొటీన్లు నీటితో కలిసి, మర్దించేకొద్దీ గ్లూటెన్ వలలా అల్లుకోవడమే దానికి కారణం. స్కోన్‌లో ఆ వల ఎక్కువైతే రబ్బరులా వస్తుంది. పొడిపిండి కనపడకుండా ముద్ద అయితే చాలు, ఆపేయాలి. చూడ్డానికి గరుకుగా, అతుకులు అతుకులుగా ఉన్నా పర్లేదు.

బేకింగ్ పౌడరా, తినే సోడానా?

రెండూ ఒకటి కాదు. తినే సోడా అంటే సోడియం బైకార్బొనేట్. గ్యాస్ బాగా రావాలంటే పెరుగు, మజ్జిగ లాంటి పులుపు తోడవ్వాలి. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పొడి రూపంలో ఆమ్లం, తేమ పీల్చుకునే కార్న్‌ఫ్లోర్ ముందే కలిపి ఉంటాయి. ఇప్పుడు దొరికే రకాలు ఎక్కువగా రెండు దశల్లో పనిచేస్తాయి: తడి తగలగానే కొంత, వేడి తగిలాక మిగతాది. పాత డబ్బా అయితే వేడి నీళ్ళలో అర టీస్పూన్ వేసి చూడండి. బుసబుసా పొంగకపోతే పారేయండి.

కావాల్సినవి (8 చిన్న స్కోన్లకి)

మైదా 250 గ్రాములు, చక్కెర 50 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండున్నర టీస్పూన్లు, ఉప్పు పావు టీస్పూన్, గడ్డకట్టిన వెన్న 80 గ్రాములు, చల్లటి పాలు 120–130 మి.లీ. ఇష్టమైతే కిస్‌మిస్ గుప్పెడు. ఉప్పు ఉన్న వెన్న వాడితే విడిగా ఉప్పు వేయొద్దు. కప్పుతో కాకుండా తూకంతో కొలవండి. కప్పులో పిండి ఎంత నొక్కితే అంత ఎక్కువ పడుతుంది.

మసాలాకి: దాల్చినచెక్క పొడి 1 టీస్పూన్, శొంఠి పొడి అర టీస్పూన్, జాజికాయ తురుము పావు టీస్పూన్, లవంగం పొడి చిటికెడు. లవంగం కొంచెం ఎక్కువైనా మిగతా వాసనలన్నీ మింగేస్తుంది, జాగ్రత్త. అమెరికాలో 'పంప్‌కిన్ స్పైస్' అని అమ్మేది ఇంచుమించు ఇదే. మన పోపుల పెట్టెకి పక్కింటి సరుకే.

చేసే విధానం

1. ఓవెన్‌ని 200 డిగ్రీల దగ్గర పెట్టి, కనీసం 15 నిమిషాలు వేడెక్కనివ్వండి. ఓవెన్ చల్లగా ఉంటే పిండి గట్టిపడేలోపే వెన్న కారిపోతుంది.

2. మైదా, చక్కెర, బేకింగ్ పౌడర్, ఉప్పు, మసాలా కలపండి. ఎండాకాలమైతే ఈ గిన్నెని ముందే అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

3. గడ్డకట్టిన వెన్నని క్యారెట్ తురిమే పీటతో తురిమి పిండిలో వేయండి. వేళ్ళ కొసలతోనే కలపండి, అరచేయి వేడి తగలనివ్వద్దు. అక్కడక్కడా శనగపప్పు సైజు ముక్కలు కనపడాలి.

4. పాలు ముందు 120 మి.లీ. పోసి ఫోర్క్‌తో కలపండి. పొడిగా ఉంటేనే మిగతావి పోయండి.

5. ముద్దని పలకలా నొక్కి, సగానికి మడిచి, మళ్ళీ నొక్కండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే పొరలు వస్తాయి. చివరికి 15 సెంటీమీటర్ల వెడల్పు, రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్న బిళ్ళలా చేసి, 8 ముక్కలుగా కోయండి. పదునైన చాకుతో పైనుంచి ఒక్క దెబ్బకి కోయాలి. రంపంలా లాగితే అంచులు అతుక్కుపోయి సరిగ్గా పొంగవు.

6. ముక్కల్ని 15–20 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. మన వాతావరణంలో ఈ స్టెప్ వదిలేయొద్దు.

7. 15–18 నిమిషాలు, అంచులు బంగారు రంగు వచ్చేదాకా కాల్చండి.

పొద్దున్నే ఇంత పని ఎవరు చేస్తారంటారా? రాత్రే ఆరో స్టెప్ దాకా చేసి, ముక్కలు గట్టిపడ్డాక డబ్బాలో సర్ది ఫ్రీజర్‌లో ఉంచేయండి. పొద్దున కరగనివ్వకుండా నేరుగా ఓవెన్‌లో పెట్టి, మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ కాల్చండి. ఇంట్లోవాళ్ళు లేచేసరికి దాల్చినచెక్క వాసనే వాళ్ళని వంటింట్లోకి పిలుస్తుంది.

గ్లేజ్

గ్లేజ్ పాకం కాదు. పాకంలో నీటిని మరిగించి తగ్గిస్తాం, గ్లేజ్‌లో మొదటి నుంచీ నీరు తక్కువే. మిక్సీలో మెత్తగా పట్టి జల్లించిన చక్కెర 100 గ్రాములకి పాలు 3–4 టీస్పూన్లు, చిటికెడు దాల్చినచెక్క పొడి కలపండి. స్పూన్ ఎత్తితే రిబ్బన్‌లా జారాలి. స్కోన్లు పూర్తిగా చల్లారాకే పోయండి, వేడి మీద పోస్తే కరిగి లోపలికి ఇంకిపోతుంది. అరగంటలో పైన పల్చటి పొర కడుతుంది. వానాకాలంలో, ముఖ్యంగా సముద్రం పక్క ఊళ్ళలో, చక్కెర గాలిలో తేమ పీల్చుకుని జిగటగానే ఉండొచ్చు. అప్పుడు తినేముందు పోసుకోండి.

ఓవెన్ లేకపోతే?

పాత స్కాట్లాండ్ పద్ధతికి వెళ్ళిపోవడమే. బిళ్ళని ఒకటిన్నర సెంటీమీటర్ల మందంగా ఒత్తి, మందపాటి ఇనప పెనం మీద సన్న సెగన ఒక్కో వైపు 6–8 నిమిషాలు కాల్చండి. ఎత్తు తక్కువ, రుచి బాగుంటుంది.

డీబగ్గింగ్

పరుచుకుపోయాయా? వెన్న మెత్తబడింది, లేదా ఓవెన్ వేడెక్కలేదు. రబ్బరులా ఉన్నాయా? పిండిని ఎక్కువ కలిపారు. పొంగలేదా? బేకింగ్ పౌడర్ పాతది. చేదుగా, సబ్బు రుచిలా ఉన్నాయా? బేకింగ్ పౌడర్ బదులు తినే సోడా పడింది. పొడిపొడిగా రాలిపోతున్నాయా? పాలు తక్కువయ్యాయి.

ఒకసారి చేశాక మీ ఊరు, మీ నెల, మీ ఓవెన్ పేరుతో ఈ కొలతల పక్కన మీ మార్పులు రాసి పెట్టుకోండి. డిసెంబర్‌లో అరకులో చేసినవాళ్ళకీ ఏప్రిల్‌లో రామగుండంలో చేసినవాళ్ళకీ ఒకే రెసిపీ సరిపోదు. వేరే వాళ్ళ రెసిపీ మన రెసిపీ అయ్యేది ఆ మార్పులతోనే.