పాల వరుసలో ఒకరు కూలిపోతే... (సభ్యులకు ప్రాణరక్షణ పాఠం)



వెన్న శాతం చూడటం గురించి, క్యాన్ల శుభ్రత గురించి, సంఘం లెక్కల గురించి ఈ పుటలలో చాలా పాఠాలు చదివారు. ఈసారి పాఠం మనిషి ప్రాణం గురించి. అందుకు కారణం ఉంది.

కొన్నేళ్ళ క్రితం తనిఖీ కోసం ఒక సంఘానికి వెళ్ళాను. ఉదయం ఆరు గంటల వేళ. పాలు పోయడానికి ఇరవై మంది దాకా వరుసలో ఉన్నారు. వారిలో ఒక పెద్దాయన ఉన్నట్టుండి కుప్పకూలారు. "బాబాయ్, బాబాయ్" అంటూ ఒకరు కుదిపారు. ఒకరు ముఖాన నీళ్ళు చల్లారు. కొందరు ఆటో కోసం పరుగెత్తారు. ఆయన నోరు తెరచి, ఆగి ఆగి గాలి పీలుస్తున్నారు. "ఊపిరి ఉంది, భయం లేదు" అన్నాను. ఆ మాట అన్నది నేనే. పావుగంట దాటాక అంబులెన్సు వచ్చింది. ఆయన దక్కలేదు.

తరువాత శిక్షణ పొందినప్పుడు తెలిసింది, అది ఊపిరి కాదని. గుండె ఆగిన మనిషిలో మొదటి కొద్ది నిమిషాలు అలాంటి ఎగశ్వాస కనిపిస్తుంది. నాకు ఆనాడే ఈ విద్య వచ్చి ఉంటే ఆయన తప్పక బ్రతికేవారని చెప్పలేను. ఇరవై మందిమి ఉండి ప్రయత్నమే చేయలేదన్నది నా బాధ.

గుండెపోటు వేరు, గుండె ఆగడం వేరు

గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోతే గుండెపోటు. రొమ్ములో నొప్పి, చెమటలు ఉంటాయి. మనిషి సాధారణంగా తెలివిలోనే ఉంటాడు. అతనిని కూర్చోబెట్టి, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. రొమ్ము నొక్కకూడదు. గుండె ఆగినప్పుడు మాత్రం మనిషి ఒక్కసారిగా కూలిపోతాడు, పలకడు. మెదడుకు రక్తం అందదు. ఏ సాయమూ అందకపోతే, ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బ్రతికే అవకాశం నూటికి 7 నుంచి 10 వంతులు తగ్గిపోతుంది.

చేయవలసిన పని

1. ముందు చోటు చూడండి. గడ్డి కోసే యంత్రం దగ్గరో, మోటారు దగ్గరో కరెంటు తగిలి పడితే, కరెంటు ఆపకుండా మనిషిని ముట్టుకోవద్దు.

2. భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే, ఊపిరి లేకపోతే, లేదా ఆగి ఆగి ఎగశ్వాస తీస్తుంటే గుండె ఆగినట్టే భావించండి. నాడి వెతుకుతూ కాలం గడపవద్దు. నోట్లో నీళ్ళు పోయవద్దు.

3. ఒకరు వెంటనే 108కి ఫోను చేయాలి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సేవ ఇది. ఊరి పేరు, గుర్తులు చెప్పి, వారు చెప్పేది వినండి.

4. మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. మంచం పనికిరాదు. రొమ్ము నడుమ ఉన్న ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ ఆనించి, దానిపై రెండో చెయ్యి వేయండి. మోచేతులు వంచకుండా, మీ బరువుతో 2 అంగుళాల లోతుకు నొక్కి వదలండి. ప్రతి నొక్కు తరువాత రొమ్ము పూర్తిగా పైకి లేవాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు.

పక్కటెముక విరుగుతుందేమో అని కొందరు భయపడతారు. ఎముక అతుకుతుంది, పోయిన ప్రాణం రాదు. పడినవారు స్త్రీ అయినా మొహమాటం వద్దు. మహిళా సభ్యులు కూడా ఈ పని నేర్చుకోవాలి.

1960లో ఈ పద్ధతిని లోకానికి తెలిపిన ముగ్గురిలో ఒకరైన కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాదు, విద్యుత్ ఇంజనీరు. ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ 2017లో సామాన్యుల కోసం ఇచ్చిన మార్గదర్శకాలలో నోటితో ఊపిరి ఊదడం లేదు, నొక్కడమే ఉంది. నీట మునిగినవారికి, పసిపిల్లలకు మాత్రం ఊపిరి కూడా అందించాలి. అది శిక్షణలో నేర్చుకోవాలి.

షాక్ ఇచ్చే యంత్రం

చాలాసార్లు గుండె ఆగే ముందు లయ తప్పి వణుకుతూ ఉంటుంది. ఆ వణుకును ఆపి, లయ తిరిగి రావడానికి అవకాశమిచ్చేది ఏ.ఇ.డి. అనే యంత్రం. మీట నొక్కగానే అది మాటలతో దారి చెబుతుంది. ఛాతీ మీద బట్ట తీసి, తడి ఉంటే తుడిచి, ఒక అట్టను కుడి కంఠపు ఎముక కింద, రెండోదాన్ని ఎడమ చంక కింద పక్కకు అంటించాలి. అట్టలు అంటించేటప్పుడు కూడా రెండోవారు నొక్కుతూనే ఉండాలి. యంత్రం గుండె లయను పరీక్షించేటప్పుడు, షాక్ ఇచ్చేటప్పుడు ఎవరూ రోగిని తాకకూడదు. అవసరం లేనివారికి అది షాక్ ఇవ్వనివ్వదు. షాక్ కాగానే ఆలస్యం లేకుండా మళ్ళీ నొక్కాలి. యంత్రం లేకపోతే దానికోసం ఎదురు చూడవద్దు. చేతులు ఉన్నాయి.

ఇది సహకారంతో జరిగే పని

లెక్క చూడండి. అంబులెన్సు రావడానికి 20 నిమిషాలు పడితే 2,000 సార్లకు పైగా నొక్కాలి. ఒక్కరి వల్ల కాదు. రెండు నిమిషాలకే చేతులు సడలుతాయి, లోతు తగ్గుతుంది. అందుకే రెండు నిమిషాలకొకరు మారాలి. ఊళ్ళో పొద్దునా సాయంత్రం ఇంతమంది ఒకచోట చేరేది మన పాల కేంద్రంలోనే. ఆనాటి వరుసలో పది మందికి ఈ పని తెలిసి ఉంటే, ఒక్కొక్కరి వంతుకు ఒక్కసారే వచ్చేది.

కనుక వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టండి. దగ్గరి ఆస్పత్రి వారినో, 108 సిబ్బందినో అడిగి ఒక పూట శిక్షణ ఏర్పాటు చేసుకోండి. కార్యదర్శి, టెస్టరు ముందుగా నేర్చుకోవాలి. చదివితే తెలుస్తుంది; బొమ్మ మీద నొక్కి చూస్తేనే వస్తుంది.

మననానికి ప్రశ్నలు

1. ఆగి ఆగి ఎగశ్వాస తీస్తున్న మనిషికి గుండె ఆడుతున్నదని అనుకోవచ్చా?
2. నిమిషానికి ఎన్నిసార్లు, ఎంత లోతుకు నొక్కాలి?
3. షాక్ ఇచ్చిన వెంటనే ఏమి చేయాలి?
4. మీ సంఘంలో ఈ పని తెలిసినవారు ఎందరు?

నాలుగో ప్రశ్నకు జవాబు ఈ పాఠంలో లేదు. అది మీరు రాయాలి.