ఓవర్‌డ్రైవు స్విచ్చు: పాత ట్రక్కునకు క్రొత్త గేరుపెట్టె

మోటారుబండి మన పట్టణమునకు క్రొత్తది కాదు. నిజాం రాష్ట్ర రైల్వేవారు 1932వ సంవత్సరమున 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిరి. నాటినుండి నేటివరకు మూసీనది కిరుప్రక్కల బస్సులు, లారీలు, చిన్న ట్రక్కులు ఎడతెగక తిరుగుచునే యున్నవి. పాతబస్తీలో ఎన్నియో కుటుంబములు వీనినే నమ్ముకొని జీవించుచున్నవి. ఒకరు బండి నడుపుదురు. ఒకరు సరుకు నెత్తుదురు. ఒకరు చెడినదానిని బాగుచేయుదురు. అయినను బండి క్రింద దాగియుండు గేరుపెట్టె యెట్లు పనిచేయునో చక్కగా నెరిగినవారు కొలదిమందియే.

పాత ట్రక్కునకు గేరుపెట్టె మార్చిన పిమ్మట ఓవర్‌డ్రైవు స్విచ్చు నమర్చు విధమును ఈ వ్యాసమున తెలిసికొందము. ఆ స్విచ్చు వెల స్వల్పము. కాని దానిని తెలియక అమర్చినచో విలువగల యంత్రము క్షణములో ముక్కలగును. తెలియక వాడినచో మనుష్యుల ప్రాణములకే ముప్పు కలుగును. కావున శ్రద్ధతో చదువుడు.

1. గేరు చేయు పని

గడ్డపారతో బండరాతిని పెకలించువానిని చూచియుందురు. అతడు పట్టుకొన్న కొన చాల దూరము కదలును. రాతిక్రింది కొన కొంచెమే కదలును. కాని ఆ కొంచెము కదలికలో గొప్ప బలముండును. పండ్లచక్రములును ఇట్టివే. 20 పండ్ల చక్రము 40 పండ్ల చక్రమును త్రిప్పినచో, పెద్దచక్రము సగము వేగముతో తిరుగును; దాని త్రిప్పుబలము మాత్రము రెట్టింపగును. వేగమును పెంచినచో బలము తగ్గును. బలమును పెంచినచో వేగము తగ్గును. రెండింటిని ఒకేసారి ఇచ్చు చక్రము లోకమున లేదు. ఈ వ్యాసమంతయు ఈ యొక్క మాటపైననే నిలిచియున్నది.

బండి కదలునపుడు మొదటి గేరు బలము నిచ్చును. వేగము హెచ్చినకొలది రెండవది, మూడవది వేయుదుము. పాత బండ్లలో సాధారణముగా పై గేరు నేరు గేరు. అనగా ఇంజను ఎన్ని చుట్లు తిరిగిన, గేరుపెట్టె వెనుకనుండు ప్రొపెల్లరు షాఫ్టు అన్నియే చుట్లు తిరుగును. ఓవర్‌డ్రైవు అనునది నేరు గేరునకును పైమెట్టు. ఇందు షాఫ్టు ఇంజనుకంటె వేగముగా తిరుగును.

లెక్క చూడుడు. ఒక చిన్న ట్రక్కు చక్రము ఒక్క చుట్టునకు రెండున్నర మీటర్లు సాగుననియు, వెనుక ఇరుసులో షాఫ్టు 5 చుట్లు తిరిగిన చక్రము 1 చుట్టు తిరుగుననియు అనుకొందము. గంటకు 60 కిలోమీటర్లనగా నిమిషమునకు 1,000 మీటర్లు. అపుడు చక్రము 400 చుట్లు, షాఫ్టు 2,000 చుట్లు తిరుగవలెను. నేరు గేరులో ఇంజనుకూడ 2,000 చుట్లే తిరుగును. ఓవర్‌డ్రైవులో షాఫ్టు 90 చుట్లు తిరుగుటకు ఇంజను 70 చుట్లు తిరిగిన చాలుననుకొనుడు. అపుడు అదే 60 కిలోమీటర్ల వేగమునకు ఇంజను సుమారు 1,556 చుట్లే తిరుగును. ఒక గంటలో 26,000కు పైగా చుట్లు మిగిలినవి. చదునైన దారిలో ఇంజను నెమ్మదించును, మ్రోత తగ్గును, అరుగుదల తగ్గును, చమురును కొంత ఆదా యగును.

అయితే పై సూత్రమును మరువరాదు. చక్రములకు చేరు బలము నూటికి సుమారు 78 పాళ్ళకు దిగినది. ఓవర్‌డ్రైవు ఇంజనుకు విశ్రాంతి నిచ్చునే కాని శక్తి నీయదు.

2. సూర్యచక్రము, గ్రహచక్రములు

జేమ్సు వాట్టు 1781లోనే తన ఆవిరియంత్రమునకు సూర్యగ్రహచక్రముల కూర్పును వాడెను. ఓవర్‌డ్రైవు లోపలి కూర్పు దానికి బంధువే. నడుమ సూర్యచక్రము, దానిచుట్టు గ్రహచక్రములు, వానిని చుట్టి లోపలివైపున పండ్లుగల వలయము. గ్రహచక్రములను మోయుటకు ఒక చట్రము. ఇంజను వైపునుండి వచ్చు షాఫ్టు చట్రమును త్రిప్పును. వలయము వెనుక చక్రములవైపు పోవు షాఫ్టును త్రిప్పును.

సూర్యచక్రమును వలయముతో బిగించి పట్టినచో అంతయు ఒక ముద్దవలె తిరుగును. ఇదియే నేరు గేరు. సూర్యచక్రమును కదలనీయక నిలిపినచో, గ్రహచక్రములు దానిపై దొర్లుచు వలయమును ముందునకు త్రోయును. సూర్యచక్రమునకు 20 పండ్లు, వలయమునకు 70 పండ్లు ఉన్నవనుకొనుడు. చట్రము 70 చుట్లు తిరిగినచో వలయము 70కి 20 చేర్చి 90 చుట్లు తిరుగును. పైని చెప్పిన లెక్క ఇక్కడనుండియే వచ్చినది.

ఈ పనిని నూనె ఒత్తిడితో చేయు యంత్రమును ఎడ్గర్ డి నార్మన్‌విల్ అను ఇంగ్లీషు ఇంజనీరు కల్పించెను. షెఫీల్డులోని లేకాక్ కంపెనీవారు దానిని తయారుచేసిరి. 1948 ప్రాంతమున స్టాండర్డ్ వాన్‌గార్డు కారుతో అది వాడుకలోనికి వచ్చెను. అందు శంకువు ఆకారముగల క్లచ్చి యొకటి ముందుకు వెనుకకు జరుగును. స్ప్రింగులు దానిని వలయమునకు అదిమియుంచును. స్విచ్చు వేసినంతనే సోలినాయిడను విద్యుదయస్కాంతము ఒక కవాటమును తెరచును, నూనె ఒత్తిడి శంకువును వలయమునుండి విడదీసి, కదలని బ్రేకు పట్టీకి అదుమును, సూర్యచక్రము నిలిచిపోవును. దీనితోబాటు చట్రమునకును వెనుక షాఫ్టునకును మధ్య రోలరు క్లచ్చి యొకటి కలదు. అది ఒక దిక్కున పట్టును, రెండవ దిక్కున జారును.

అమెరికాలో పాత పికప్ బండ్లకు మూడు గేర్ల ఆటోమేటిక్ పెట్టెను తీసి, నాల్గవ గేరు ఓవర్‌డ్రైవుగా గల పెట్టె నమర్చువారు పెక్కుమంది. జనరల్ మోటార్సువారు 1982లో వెలువరించిన 700ఆర్4 అట్టిది; దాని నాల్గవ గేరులో షాఫ్టు 100 చుట్లకు ఇంజను సుమారు 70 చుట్లు తిరుగును. పెద్ద లారీలలో ఇట్టి మార్పునకు గేరుకఱ్ఱ పైనుండు మీటయు, గాలి ఒత్తిడియు వాడుదురు. లేకాక్ యూనిట్టు కార్లకును తేలిక బండ్లకును తగినది. బరువు లారీకి తగదు.

3. పెట్టె మార్చినపుడు చూడవలసినవి

పాత పెట్టె అరిగిపోయి సామానులు దొరకనపుడు, ఓవర్‌డ్రైవు యూనిట్టు గల వేరొక పెట్టెను మన ఉస్తాదు తెచ్చి బిగించెననుకొందము. తీగ ముట్టుకొనకమునుపే నాలుగు విషయములు చూడవలెను.

మొదటిది, ప్రొపెల్లరు షాఫ్టు పొడవు. క్రొత్తపెట్టె పొడుగైనచో షాఫ్టును కురుచచేసి, తిరిగి సమతూకము చేయించవలెను. లేనిచో బండి వణకును, బేరింగులు పోవును. రెండవది, నూనె. తయారుచేసినవారు చెప్పిన నూనెయే పోయవలెను. జారుడు పెంచు మందులు కలిపినచో శంకువు పట్టదు. మూడవది, వేగము చూపు మీటరు. పెట్టె మారినపుడు అది తప్పు చూపవచ్చును. రోడ్డుప్రక్క కిలోమీటరు రాళ్ళతో గడియారము చూచి సరిపోల్చవలెను. నాల్గవది, చట్టము. 1988 మోటారు వాహనముల చట్టము, 52వ విభాగము వాహనములలో చేయు మార్పులను నియంత్రించుచున్నది. ముందుగా రవాణా కార్యాలయమున అడుగుట మేలు.

4. తీగల అమరిక

బండి బ్యాటరీ 12 వోల్టులదో, 24 వోల్టులదో మొదట చూడుడు. 12 వోల్టుల సోలినాయిడునకు 24 వోల్టులిచ్చినచో అది కాలిపోవును.

పాతరకపు సోలినాయిడు 12 వోల్టులలో లాగు క్షణమున 15 మొదలు 20 ఆంపియర్ల వరకు తీసికొనును. లాగిన పిదప పట్టియుంచుటకు సుమారు 2 ఆంపియర్లు చాలును. ఆ 20 ఆంపియర్లను డ్రైవరు ముందుండు చిన్న స్విచ్చు ద్వారా పంపినచో దాని ముఖములు మాడిపోవును. కావున నడుమ రిలే నుంచవలెను. పెద్ద అధికారి తానే మూటలు మోయక కూలివానికి చెప్పి మోయించునట్లు, చిన్న విద్యుత్తు రిలేకు ఆజ్ఞ యిచ్చును. రిలే పెద్ద విద్యుత్తును పంపును.

తీగలు రెండు దారులు. పెద్దదారి: బ్యాటరీనుండి ఫ్యూజునకు, ఫ్యూజునుండి రిలే ముఖములకు, అచ్చటనుండి సోలినాయిడునకు, పిదప బండి ఇనుమునకు. చిన్నదారి: తాళపు స్విచ్చునుండి ఫ్యూజు మీదుగా డ్రైవరు స్విచ్చునకు, అచ్చటనుండి గేరుపెట్టెపైనుండు అడ్డుస్విచ్చునకు, అచ్చటనుండి రిలే చుట్టకు, పిదప ఇనుమునకు. డ్రైవరు కంటికెదురుగ చిన్నదీప మొకటి యుంచినచో ఓవర్‌డ్రైవు ఆజ్ఞలో ఉన్నదో లేదో తెలియును.

5. అడ్డుస్విచ్చు ఏల?

తొందరపడువారు ఈ అడ్డుస్విచ్చును వదలివేయుదురు. అది లేకున్నను బండి ముందునకు చక్కగనే నడచును గదాయని వారి తలంపు. ఈ తలంపే ముప్పు తెచ్చును.

ముందునకు పోవునపుడు ఓవర్‌డ్రైవులో వలయము చట్రముకంటె వేగముగా తిరుగును గనుక రోలరు క్లచ్చి జారి దారి యిచ్చును. వెనుక గేరులో దిక్కు మారును; అదే క్లచ్చి బిగిసి చట్రమును, వలయమును ఒకటిగా పట్టును. అవి రెండును ఒకటైనచో సూర్యచక్రమును వానితో తిరుగవలెను. కాని దానిని బ్రేకు కదలనీయదు. ఒకరు తిరుగుమని, ఒకరు నిలుమని యొకేసారి ఆజ్ఞాపించినట్లగును. ఏదో యొకటి విరుగక తప్పదు.

అడ్డుస్విచ్చు గేరుకఱ్ఱ పై గేరులో నున్నపుడు మాత్రమే దారి కలుపును. మిగిలిన గేర్లలోను, వెనుక గేరులోను దారి తెంచును. డ్రైవరు స్విచ్చు మరచిపోయినను అది మరువదు.

బండి నిలిపియుంచియే దీనిని పరీక్షింపవచ్చును. ఇంజను ఆపి, చేతిబ్రేకు వేసి, తాళము త్రిప్పి, పై గేరు వేసి స్విచ్చు నొక్కుడు. బండిక్రింద సోలినాయిడు టక్కుమని పలుకవలెను. న్యూట్రలులోను, వెనుక గేరులోను పలుకరాదు. పలికినచో బండిని కదల్పక అడ్డుస్విచ్చును సరిచేయుడు. మరియొక హెచ్చరిక: స్విచ్చు నార్పినను ఓవర్‌డ్రైవు విడువకున్నచో లోపల కవాటమో, శంకువో అంటుకొన్నదని అర్థము. అది బాగగువరకు బండిని వెనుకకు నడుపరాదు. వెనుకకు త్రోయనుగూడ రాదు.

6. ఎచట వేయవలెను, ఎచట ఆర్పవలెను?

చార్మినారునుండి శాలిబండ, అలియాబాదు, ఫలక్‌నుమా మీదుగా చాంద్రాయణగుట్ట చేరువరకు ఓవర్‌డ్రైవునకు పనిలేదు. జనసమ్మర్దము, ఎత్తుపల్లములు, అడుగడుగున నిలుపుట. ఇట్టిచోట ఓవర్‌డ్రైవు వేసినచో ఇంజను మెల్లగ తిరుగుచు భారమునకు మూలుగును. అది ఇంజనునకు మేలు కాదు.

చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలము రోడ్డున పోవుదమనుకొందము. కల్వకుర్తివైపు చదునైన దారి దొరికినచోట, సరుకు మితముగా నున్నచో, ఓవర్‌డ్రైవు వేయుటకు అదియే తగిన తావు. ఎత్తు వచ్చి ఇంజను శ్వాస బరువెక్కినంతనే ఆర్పుడు. నేరు గేరులోనికి దిగి బలము తిరిగివచ్చును.

మన్ననూరు దాటినపిదప నల్లమల అడవి. దోమలపెంట తరువాత దారి మలుపులు తిరుగుచు కృష్ణానది లోయలోనికి దిగును. ఎక్కుటలో ఆర్పవలెనని యెల్లరకు తెలియును; దిగుటలో ఆర్పవలెనని కొందరే యెరుగుదురు. దిగునపుడు బండిని పట్టియుంచునది బ్రేకు మాత్రమే కాదు, గేరు ద్వారా ఇంజనుకూడ. ఓవర్‌డ్రైవులో ఆ పట్టు సడలును. అపుడు భారమంతయు బ్రేకులపై పడును. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పును. నిండు సరుకుతో లోయవైపు మలుపులో బ్రేకు పట్టకున్న నేమగునో వ్రాయనక్కరలేదు. ఆ బండిలో డ్రైవరు, క్లీనరు ఉన్నారు. ఎదుటి బండిలో యాత్రికులున్నారు. కావున ఘాటు మొదలుకాకముందే స్విచ్చు నార్పి, క్రింది గేరులోనికి దిగవలెను.

ఆటోమేటిక్ కార్లలో గేరుకఱ్ఱపై నుండు ఓవర్‌డ్రైవు మీటకును ఇదియే ధర్మము. దానిని నొక్కి ఆర్పినపుడు డ్రైవరు ముందు దీపము వెలుగును. ఆ దీపము చెడుగునకు గుర్తు కాదు; పై గేరు మూయబడినదని తెలుపును.

విద్యార్థులారా, మీలో కొందరు ఇంజనీర్లగుదురు, కొందరు ఉస్తాదులగుదురు, కొందరు బండి నడుపుదురు. స్విచ్చు బిగించుట అరపూట పని. కాని పై గేరులో ఔననియు, వెనుక గేరులో కాదనియు చెప్పునట్లు బిగించుటయే నేర్పు. చదునుదారిలో వేసి, ఘాటురోడ్డున ఆర్పుటయే నడుపువాని వివేకము. మీ యింట ట్రక్కు నడుపువారున్నచో ఈ పాఠమును వారికి చదివి వినిపింపుడు. దిగుడుదారిలో ఓవర్‌డ్రైవు నార్పుదురా యని అడుగుడు.