విజయపురి చుట్టరికాలు
(సందేహాలు - సమాధానాలు)

ప్రశ్న: నెట్‌వర్క్ విశ్లేషణ అంటే ఫేస్‌బుక్ స్నేహాల లెక్క అనుకున్నాను. ఎప్పటిదో ఒక నగరంలోని చుట్టరికాలకు అదెలా పనికొస్తుంది?
- డిగ్రీ విద్యార్థిని, మాచర్ల

పద్ధతి ఒకటే. మనిషికో చుక్క, సంబంధానికో గీత. మీ ఊరి దగ్గరే ఉన్న నాగార్జునకొండను తీసుకోండి. 3వ శతాబ్దంలో అక్కడ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. అక్కడి దాన శాసనాల్లో దాత తన పేరు చెప్పి ఊరుకోదు, తాను ఎవరి తోబుట్టువో, ఎవరి ఇల్లాలో, ఎవరి తల్లో కూడా చెబుతుంది. మహాచైత్యం (పెద్ద బౌద్ధ స్తూపం) కట్టించిన శాంతిశ్రీ శాసనమే చూడండి: శాంతమూల మహారాజు తోబుట్టువు, పూకీయ వంశపు మహాతలవరుడు (కొలువులో పెద్ద అధికారి) స్కందశ్రీ భార్య. ఒక్క వాక్యంతోనే రెండు గీతలు, మూడు చుక్కలు దొరికాయి. ఇలా శాసనం తర్వాత శాసనం కలుపుకుంటూ పోతే వల తయారవుతుంది.

ప్రశ్న: వంశవృక్షం ఉండగా ఇదంతా ఎందుకండీ?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ

మేనరికం దగ్గర వంశవృక్షం తడబడుతుంది మాస్టారూ. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడు మేనత్త హర్మ్యశ్రీ కూతుళ్ళు బాపిశ్రీ, షష్ఠిశ్రీలను పెళ్ళాడాడు. హర్మ్యశ్రీ అతనికి మేనత్తా, అత్తగారూ. చెట్టు గీస్తే ఆమె పేరు రెండు చోట్ల రాయాలి. వలలో ఆమె ఒకే చుక్క. రాజు నుంచి బయల్దేరిన గీత తండ్రి, మేనత్త, భార్య మీదుగా మళ్ళీ రాజు దగ్గరికే వస్తుంది. ఇలాంటి వలయాలు ఎన్నో, ఏ వంశాల మధ్యో లెక్కిస్తే పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఎక్కడ ముడిపడ్డాయో తెలుస్తుంది.

వలయం కాని గీతలూ ఉన్నాయి. శాంతమూలుడి కూతురు అడవి శాంతిశ్రీని ధనక వంశపు సేనాపతికిచ్చారు. మనవరాలు కొడబలిశ్రీ వనవాస మహారాజు భార్య. మొదటి పెళ్ళి కొలువులోని పెద్ద కుటుంబాన్ని రాజింటికి కట్టేసింది, రెండోది పొరుగు రాజ్యానికి దారి వేసింది. వలలో నుంచి ఒక చుక్కను తీసేస్తే ఎన్ని దారులు తెగిపోతాయో కంప్యూటరు చెబుతుంది. కొడబలిశ్రీని తీసేసి చూడండి, వనవాసకు ఉన్న గీత పోతుంది.

ప్రశ్న: ఒకే పేరు ఇద్దరికుంటే?
- పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

అసలు కష్టం అక్కడే. తాత పేరు మనవడికి పెట్టడం విజయపురిలోనూ ఉంది. తాత శాంతమూలుడు, మనవడు ఎహువుల శాంతమూలుడు. తల్లి గోత్రాన్ని బట్టి తేల్చుదామంటే ఇద్దరూ వాసిష్ఠీపుత్రులే! మనవడి తల్లి మహాదేవి భట్టిదేవ అన్న ఆధారం అక్కరకొస్తుంది. ఇద్దరు శాంతిశ్రీలను భర్తల వంశాలతో విడదీయాలి, ఒకరు పూకీయుల ఇంటి కోడలు, మరొకరు ధనకుల కోడలు. అందుకే పేరుతో కాకుండా మనిషికో సంఖ్య ఇచ్చుకోండి. టర్కీలోని కుల్తెపె దగ్గర, ప్రాచీన కనేష్ నగరంలో దొరికిన 20 వేలకు పైగా మట్టి పలకల మీద పనిచేసేవారికీ ఇదే తలనొప్పి. దాదాపు 3,900 ఏళ్ళ కిందటి ఆ అస్సీరియా వర్తకులూ మనవళ్ళకు తాతల పేర్లే పెట్టారు.

తేలని గీతలను చుక్కల గీతలుగానే ఉంచండి. ఒక శాసనంలో పూకీయుల కోడలు శాంతిశ్రీ వీరపురుషదత్తుణ్ణి జామాత, అంటే అల్లుడు, అంటుంది. ఆమె కూతుర్ని కూడా అతను పెళ్ళాడాడని పండితుల ఊహ. ఊహకు నిండు గీత వేయకూడదు. అది ఉంచి ఒకసారి, తీసి ఒకసారి లెక్క వేయండి.

ప్రశ్న: ఈ వలను చూసి నగరమంతా ఇలాగే ఉండేదని చెప్పొచ్చా?
- గృహిణి, విజయవాడ

చెప్పకూడదమ్మా. ఇది రాతి స్తంభం ఎత్తించగలిగిన ఇళ్ళ వల. కుండలు చేసినవాళ్ళు, పొలం దున్నినవాళ్ళు ఇందులో దాదాపు కనబడరు. ఇక్కడ ఆడవాళ్ళ చుట్టూ గీతలు గుమిగూడటానికి ఒక కారణం, బౌద్ధారామాలకు దానాలిచ్చి శాసనాలు వేయించింది ఎక్కువగా వాళ్ళే కావడం. స్కందశ్రీకి గీతలు తక్కువైతే అతనికి పరపతి లేదని అర్థం కాదు, అతని ఊసు మనకు భార్య మాటల్లోనే వినబడిందని అర్థం.

కాబట్టి ఫలితాన్ని నమ్మే ముందు ఒక పరీక్ష పెట్టండి. నాలుగైదు శాసనాలను పక్కనపెట్టి మళ్ళీ లెక్కించండి. బొమ్మ తలకిందులైతే మనం చూసింది నగరాన్ని కాదు, ఆ నాలుగైదు రాళ్ళను.