సగటు చెప్పునది, గీత చూపునది

పాఠశాల హాజరు, విద్యార్థుల మార్కులు, ఆరోగ్య ప్రచార ఫలితములు మొదలగు పట్టికలు పంచాయతీ సమావేశముల ముందునకు వచ్చుచుండును. వానిని చదువు విధము తెలిసిననే నిర్ణయము సరిగా నుండును. కుప్పగా నున్న అంకెల సారమును కొద్ది అంకెలలోను, గీతలలోను చూపు పద్ధతిని వర్ణనాత్మక సంఖ్యాశాస్త్ర మందురు. మనశ్శాస్త్రమున ఇది ఎట్లు ఉపకరించినదో చూతము.

జర్మనీ దేశీయుడగు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ మరపును కొలువదలచెను. అర్థము లేని పదములను సుమారు 2,300 సిద్ధపరచి, కొన్నింటిని వరుసలుగా కూర్చి, తానే కంఠస్థము చేసెను. కొంత వ్యవధి తరువాత ఆ వరుసలనే మరల నేర్చుటకు ఎంత కాలము పట్టునో చూచెను. మొదట 100 నిమిషములు పట్టిన పాఠము తిరిగి 42 నిమిషములలో వచ్చినచో, 58 శాతము శ్రమ మిగిలినదని లెక్క. ఇట్టి పరీక్షలు 163 జరిపి, వాని సగటులను 1885లో ప్రకటించెను.

ఆ సగటులు సుమారుగా ఇవి: 20 నిమిషములకు 58 శాతము, గంటకు 44, 9 గంటలకు 36, ఒక దినమునకు 34, 2 దినములకు 28, 6 దినములకు 25, 31 దినములకు 21.

గళ్ల కాగితముపై అడ్డుగీతన కాలమును, నిలువుగీతన శాతమును గుర్తించి చుక్కలను కలిపినచో, గీత మొదట ఏటవాలుగా దిగి, పిదప దాదాపు చదునగును. మరపులో అధిక భాగము తొలి దినముననే జరుగునని కంటికి తెలియును. 2015లో నెదర్లాండ్సు పరిశోధకులు ఈ ప్రయోగమును మరల జరిపి ఇంచుమించు ఇట్టి గీతనే పొందిరి.

అయినను గీతను చూచునపుడు మూడు ప్రశ్నలు వేయవలెను.

మొదటిది: కొలత ఎచట మొదలైనది? నిలువుగీతను 0 నుండి గాక 20 నుండి ఆరంభించినచో, 21 శాతము శూన్యమువలె కనబడును. అంకె మారలేదు, చూపు మాత్రమే మోసపోయినది.

రెండవది: సగటు వెనుక ఏమున్నది? ఒక తరగతిలో ఐదుగురి మార్కులు 48, 49, 50, 51, 52 అనుకొందము. వేరొక తరగతిలో 10, 20, 50, 80, 90. రెండింటి సగటు 50 మాత్రమే. కాని రెండవ తరగతిలో సాయము కావలసిన ఇద్దరు బిడ్డలు సగటు చాటున మరుగుపడిరి. కావున కనిష్ఠ, గరిష్ఠ సంఖ్యలను గూడ అడుగవలెను.

మూడవది: ఎవరిని, దేనిని కొలిచిరి? ఎబ్బింగ్‌హౌస్ పరీక్షించినది తన నొక్కనినే. అదియు అర్థరహిత పదములతో. అర్థముగల పద్యములను నేర్చుటకు అందు పదవ వంతు శ్రమయే చాలెనని ఆయనయే గమనించెను. కావున ఆ శాతములను మన గ్రామస్థులకు యథాతథముగా అన్వయింపరాదు.

గీత తెలుపు పాఠము మాత్రము ఉపయోగకరమే. టీకాల తేదీని గాని, నీటి శుద్ధి విధానమును గాని ఒకమారు చాటించి ఊరకుండక, మరునాడును, కొన్ని దినముల పిదపను జ్ఞప్తి చేయుట మేలు. పట్టిక సభకు వచ్చినపుడు పై మూడు ప్రశ్నలను అడుగుటకు సభ్యులు సంకోచింపరాదు. సగటు చాటున నున్న ఇద్దరు బిడ్డలు అట్లు అడిగిననే కనబడుదురు.