లెక్క అప్పజెప్పిన సమూవేలు



2006లో ఉపాధి హామీ పథకం ఆరంభమైనప్పుడు మొదటి విడత జిల్లాల్లోనే నల్గొండ, మహబూబ్‌నగర్ ఉన్నాయి. ఆ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభకు సామాజిక తనిఖీ బాధ్యతను అప్పగించింది. చదువుకున్న యువతీయువకులు మస్టర్లు పట్టుకొని ఇంటింటికీ తిరిగి, "ఇన్ని రోజులు పని చేసినావా? డబ్బు ముట్టిందా?" అని కూలీలను అడిగేవారు. చనిపోయినవారి పేర, ఊళ్లో లేనివారి పేర కూలి రాసిన సంగతులు ఇటువంటి తనిఖీల్లోనే బయటపడ్డాయి. తరువాత మండల కేంద్రంలో ప్రజావేదిక జరిగేది. అక్కడ అధికారి కూలీల ఎదుట నిలబడి జవాబు చెప్పాలి.

దివ్యగ్రంథంలో ఇటువంటి ప్రజావేదిక ఒకటుంది. సమూవేలు మొదటి గ్రంథం 12వ అధ్యాయం తెరిచి చూడండి. వృద్ధుడైన సమూవేలు ప్రజలందరి ముందు నిలబడి, తాను ఎవరి ఎద్దునైనా, గాడిదనైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా అని అడిగాడు. ఎవరూ ఆయన మీద ఫిర్యాదు చేయలేదు. తనంతట తానే అడిగాడు. ఆయన కుమారులు మాత్రం లంచాలు తిన్నారని 8వ అధ్యాయం దాచకుండా చెబుతుంది. ఇల్లు చక్కబెట్టుకోలేకపోయిన మనిషి కూడా తన లెక్క తాను అప్పజెప్పాడు.

"దేవునికి తెలుసు" అనడం మా గురువులకు సులభమైన జవాబు. పునీత పౌలు అలా అనలేదు. యెరూషలేము పేదల కోసం కానుకలు పోగుచేయడానికి తీతును పంపుతూ, సంఘాలు ఎన్నుకున్న మరొక సహోదరుణ్ణి కూడా తోడు పంపాడు (2 కొరింతీ 8). దేవుని ముందే కాదు, మనుష్యుల ముందు కూడా నిందలేకుండా ఉండాలన్నది ఆయన తపన. 1983 నాటి తిరుసభ చట్టం కూడా ప్రతి విచారణకు ఆర్థిక సంఘం ఉండాలని 537వ సూత్రంలోనూ, విశ్వాసుల కానుకలకు విశ్వాసులకే లెక్క చెప్పాలని 1287వ సూత్రంలోనూ ఆదేశించింది. మనం పారిష్‌ను 'విచారణ' అంటాం కదా! విచారించేవాడు గురువు ఒక్కడేనా?

ఈ మాట నాకు చదువులో అబ్బలేదు. చాలా ఏళ్ల క్రితం పూజ అయ్యాక ఒక ముసలమ్మ నన్ను ఆపి, "ఫాదర్, పండుగకు మేమిచ్చిన పైసలు ఏడికి పోయినయ్?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది. నేను ఒక్క పైసా ముట్టలేదు, అయినా రాసిన లెక్క లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారమంతా రసీదులు వెతికి, వచ్చే ఆదివారం పీఠం ముందు నిలబడి జమాఖర్చులు చదివాను. ఆమె చివరిదాకా విని, "షామియానాకు గంతైందా?" అంది. మరుసటి సంవత్సరం షామియానా బేరం ఆమెకే అప్పజెప్పాము.