కనుమ నాడు రాజుకేం పెట్టాలి?

చిరంజీవి లహరికి,

కనుమ పశువుల పండగ కదా, ఆవులకీ ఎద్దులకీ బొట్టు పెట్టి పొంగలి తినిపిస్తాం, మరి మన కుక్క రాజుకి నా చేత్తో ఏం చేసిపెట్టను అని అడిగావు. అడిగినందుకు సంతోషం. నేను పశువుల ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో పండగ మర్నాడు కుక్కల్ని ఎత్తుకుని వచ్చేవాళ్లను చూశాను. అందరిదీ ఒకటే మాట: "పాపం, అది కూడా తింటుందని కొంచెం పెట్టాం డాక్టరుగారూ." అందుకే వంట మొదలుపెట్టే ముందు ఇది తెలుసుకో. కుక్కకు చేసే తినుబండారంలో ఏం వేశామన్న దానికన్నా ఏం వేయలేదన్నదే ముఖ్యం.

మన పండగ వంటలే చూడు. చక్కెర పొంగలిలో, పాయసంలో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష పచ్చిదైనా ఎండుదైనా కుక్క మూత్రపిండాల్ని పాడుచేయగలదు. ఎంత తింటే ముప్పో ముందుగా చెప్పలేం. ఒకటి గుప్పెడు తిని హాయిగా తిరుగుతుంది, ఇంకొకటి కొన్ని పళ్లకే జబ్బుపడుతుంది. చాలాకాలం దీని కారణం అంతుపట్టలేదు. 2021లో అమెరికాలో జంతువుల విషచికిత్స చూసే వైద్యులు టార్టారిక్ ఆమ్లాన్ని అనుమానించారు. చింతపండు పులుపులో పెద్ద వాటా ఆ ఆమ్లానిదే. కాబట్టి పులిహోర, పులుసు, చారు రాజు గిన్నె దరిదాపులకు రాకూడదు.

కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి గారెలు తప్పవు. వాటిలో ఉల్లిపాయ వేస్తే అది రాజుకు పనికిరాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాల్ని దెబ్బతీస్తాయి. ఉడికించినా, వేయించినా, పొడికొట్టినా ఆ గుణం పోదు. నీరసం, పాలిపోయిన చిగుళ్లు, ముదురు రంగు మూత్రం కొన్ని రోజులకు గానీ కనబడవు. ఈలోగా పండగ నాటి గారెను అందరూ మరిచిపోతారు. కోడికూరలోనూ అవే ఉంటాయి, పైగా ఉడికిన ఎముక పెళుసుగా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. అరిసెలు విషం కావు గానీ ఆ నూనెకూ బెల్లానికీ వాంతులు పట్టుకోవచ్చు, క్లోమం వాచనూ వచ్చు. చాక్లెట్, జాజికాయ వేసిన మిఠాయిలు అసలే వద్దు. జైలిటాల్ పేరు కూడా గుర్తుపెట్టుకో. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో, కొన్ని రకాల పీనట్ బటర్‌లో దాన్ని తీపి కోసం కలుపుతారు. కుక్క తింటే కొద్దిసేపట్లోనే రక్తంలో చక్కెర పడిపోతుంది, కాలేయం కూడా దెబ్బతినవచ్చు. సీసా మీద చిన్న అక్షరాలు చదవకుండా ఏదీ కలపకు.

ఇన్ని తీసేశాక ఏం మిగిలిందని బెంగపడకు. సంక్రాంతికి ఇంట్లో గుమ్మడికాయ ఉంటుంది, డబ్బాలో రాగిపిండి ఉంటుంది. అవి చాలు.

ఒక కప్పు రాగిపిండి, అర కప్పు గోధుమపిండి, చెక్కూ గింజలూ తీసి ఉడికించి మెదిపిన తియ్య గుమ్మడి అర కప్పు, ఒక గుడ్డు తీసుకో. ఉప్పు, చక్కెర, బెల్లం, నెయ్యి, వంటసోడా ఏవీ వద్దు. గుమ్మడి తడి చాలకపోతే నీళ్లు చిలకరించి, చపాతీ పిండి కన్నా కాస్త గట్టిగా కలుపు. అర సెంటీమీటరు మందాన ఒత్తి, చాకుతో యాభై ముక్కలుగా కోయి. ఒవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు కాల్చి, ఆపేశాక అందులోనే చల్లారనివ్వు. ఒవెన్ లేకపోతే దళసరి పెనం మీద సన్నని సెగన మూతపెట్టి, మధ్యలో తిరగేస్తూ కాల్చు. ఒకటి విరిచి చూడు. లోపల మెత్తగా ఉంటే ఇంకా కాలాలి, ఎందుకంటే తడి మిగిలిన చోటే బూజు పడుతుంది. బాగా ఆరినవి గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటాయి. బూజు కనబడితే గీకి పెట్టకు, మొత్తం పారెయ్.

ఇక లెక్క. రాజు పది కిలోలు ఉంటాడన్నావు. అంత బరువున్న పెద్ద కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు కావాలి. చిరుతిండి అందులో పదో వంతు దాటకూడదు, అంటే 60. మన ముక్క ఒక్కోటి 14 కేలరీల చిల్లర పడుతుంది. కాబట్టి రోజుకు నాలుగే, అదీ ఇంకే చిరుతిండీ పెట్టకపోతేనే. నాలుగేనా అని మొహం చిన్నబుచ్చుకోకు. కుక్కకు రుచి కన్నా వాసన ముఖ్యం, వాసన కన్నా నీ చేతినుంచి అందుకోవడం ముఖ్యం. ఒక్కో ముక్కను నాలుగుగా తుంచితే పదహారు సార్లు పిలిచి పెట్టొచ్చు. "కూర్చో" అన్నాక కూర్చున్నప్పుడు ఒకటి, గుమ్మం దాటకుండా ఆగినప్పుడు ఒకటి.

మొదటిసారి మాత్రం భోగికి రెండు రోజుల ముందే ఒక్క ముక్క పెట్టి, ఒక రోజంతా గమనించు. వాంతులు, విరేచనాలు, దురద కనిపిస్తే ఆపెయ్. గోధుమ పడని కుక్కలూ, గుడ్డు పడని కుక్కలూ ఉంటాయి. అలాంటప్పుడు గోధుమకు బదులు బియ్యప్పిండి వాడొచ్చు, గుడ్డు మానేసి గుమ్మడి పెంచొచ్చు. కుక్కపిల్లలకూ, షుగరో మూత్రపిండాల జబ్బో ఉన్న కుక్కలకూ మీ డాక్టరుని అడిగిగానీ పెట్టకూడదు.

ఎంత జాగ్రత్తపడినా ఎవరో ఒకరు ఏదో పెట్టేశారనుకో. ఉప్పునీళ్లు తాగించి కక్కించమనే వాళ్ల మాట వినకు. ఆ ఉప్పే విషమవుతుంది. ఏం తింది, సుమారు ఎంత, ఏ గంటకు, దాని బరువెంత అన్నవి రాసుకుని, కవరు ఉంటే చేతబట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లు. ద్రాక్ష తిన్న కుక్క ఆ పూట మామూలుగానే కనిపిస్తుంది. బాగానే ఉంది కదా అని ఆగితే విలువైన సమయం పోతుంది.

నీకు అన్నిటికన్నా కష్టమైన పని వంట కాదు, చుట్టాలు. మీ పెద్దమామయ్య తన ఆకులోంచి తీసి పెట్టకుండా ఊరుకోడు. వద్దు మామయ్యా అంటే నొచ్చుకుంటాడు. అందుకని పిండివంటల పళ్లెం పక్కనే రాజు డబ్బా కూడా పెట్టి, నువ్వు తుంచిన ముక్క ఆయన చేతికి ఇచ్చి, "ఇది మీరే పెట్టండి మామయ్యా" అను. ఆయన ముచ్చటా తీరుతుంది, నీ లెక్కా తప్పదు. భోగి ముందు పెట్టిన ఆ ఒక్క ముక్క రాజుకి పడిందో లేదో ఉత్తరం రాయి.

ఇట్లు,
మీ తాతయ్య